పాఠ్యభాగం 9: గది గోడకు ముదురు పసుపు

9.1 ఈ పాఠం దేనికి?

గత పాఠంలో రంగుల చక్రం గురించి, వెచ్చని రంగులు, చల్లని రంగుల గురించి చదువుకున్నారు. ఈ పాఠంలో ఒక్క రంగును తీసుకుని, ఒక్క ఊరి ఇళ్ళలో పెట్టి చూద్దాం. రంగు ముదురు పసుపు. ఊరు కృష్ణా జిల్లాలో, విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్ళే దారిలో ఉన్న పామర్రు. మీది వేరే ఊరైనా ఫరవాలేదు. కాలవలు పారే నేల, ఉక్కపోత, సంక్రాంతికి ముందు గోడలకు రంగు వేసుకునే అలవాటు ఉన్న ప్రతిచోటా ఇందులోని విషయాలు పనికొస్తాయి.

ఈ పాఠం చదివాక మీ ఇంట్లో ఏ గోడకు ముదురు పసుపు నప్పుతుందో, ఏ గదికి అసలు వద్దో, ఎంత రంగు కొనాలో, పాత పూతలు గీకేటప్పుడు ఏం జాగ్రత్త పడాలో మీరే నిర్ణయించుకోగలగాలి. పసుపుతో చిక్కు ఏమిటంటే, ఎంపిక తప్పయితే దాన్ని దాచడం కష్టం. లేత గంధం రంగు తప్పయినా రెండు నెలల్లో కన్ను అలవాటు పడుతుంది. ముదురు పసుపు అలా కాదు, గదిలో అడుగుపెట్టిన ప్రతిసారీ గుర్తు చేస్తుంది.

9.2 పచ్చ అంటే ఏ పచ్చ?

తెలుగులో 'పచ్చ' అనే మాట రెండు రంగులకూ చెల్లుతుంది. పచ్చని పసుపు అంటాం, పచ్చని చేలు అంటాం. తేడా చెప్పవలసి వచ్చినప్పుడు పసుపుపచ్చ, ఆకుపచ్చ అని విడదీస్తాం. పాత తరం వారు రంగుల కొట్టుకు పోయి "పచ్చ రంగు ఇవ్వవయ్యా" అంటే కొట్టులో కుర్రవాడు ఏ డబ్బా తీస్తాడో చెప్పలేం. ఈ రోజుల్లో రంగులు కలిపే యంత్రానికి కావలసింది షేడ్ నంబరు. కాబట్టి కార్డు మీది నంబరు రాసుకుని కొనండి. ఆ కాగితం పారేయకండి కూడా. ఏడాది తరవాత గోడ మీద ఒక చెయ్యంత మరక సరిచేయాలంటే అదే ఆధారం.

రంగును మూడు గుణాలతో వర్ణించే పద్ధతిని అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మున్సెల్ 1905లో ప్రచురించాడు. వర్ణం, విలువ, తీవ్రత అనేవి ఆ గుణాలు. వర్ణం అంటే అది పసుపా, ఎరుపా, నీలమా అన్నది. విలువ అంటే తెలుపుకు ఎంత దగ్గర, నలుపుకు ఎంత దగ్గర అన్నది. తీవ్రత అంటే ఆ రంగు ఎంత గాఢంగా ఉందన్నది. నిమ్మపండు, బంతిపువ్వు, గంధం ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకోండి. నిమ్మపండు పసుపు కాస్త ఆకుపచ్చ వైపు ఒరిగింది. బంతిపువ్వు నారింజ వైపు ఒరిగింది. ఈ రెండింటికీ ఉన్నది వర్ణంలో తేడా. గంధం మాత్రం వేరే దారిలో మారింది, దాని తీవ్రత తక్కువ.

మిగతా రంగులకు లేని ఒక లక్షణం పసుపుకు ఉంది. నీలం బాగా గాఢంగా ఉన్నప్పుడు చీకటిగా ఉంటుంది. పసుపు మాత్రం బాగా గాఢంగా ఉన్నప్పుడు కూడా వెలుతురుగానే ఉంటుంది. దాన్ని చీకటి చేద్దామని నలుపు కలిపితే ముదురు పసుపు రాదు, పాచి పట్టిన ఆకుపచ్చ లాంటిది వస్తుంది. మన కన్ను పగటి వెలుతురులో 555 నానోమీటర్ల దగ్గరి కాంతికి అన్నిటికన్నా ఎక్కువగా స్పందిస్తుంది. పసుపు దానికి పొరుగునే, 570 నుంచి 590 మధ్య ఉంటుంది. అందుకే దూరం నుంచి కూడా పసుపు ముందు కనిపిస్తుంది. ఈ పాఠంలో 'ముదురు' అన్న మాటను 'చీకటి' అన్న అర్థంలో కాక 'గాఢమైన' అన్న అర్థంలో వాడుతున్నామని గమనించండి.

9.3 గడప మీది పసుపు గోడ మీదికి ఎందుకు రాలేదు?

కృష్ణా డెల్టాలో పసుపు కొత్త రంగేమీ కాదు. ప్రతి గడపకూ ఉంది. నదికి అవతల దుగ్గిరాలలో పసుపు కొమ్ములకు పెద్ద మార్కెట్టే ఉంది. మరి ఇంత చవకగా, ఇంత దగ్గరగా దొరికే రంగును మన పెద్దలు సున్నంలో కలిపి గోడలకు ఎందుకు పూయలేదు?

జవాబు మీ వంటింట్లోనే ఉంది. చిటికెడు పసుపును నీళ్ళలో కలిపి, అందులో కాస్త సున్నం వేయండి. నీళ్ళు ఎర్రబడతాయి. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఇవే. పసుపుకు రంగునిచ్చే కర్‌క్యుమిన్ అనే పదార్థం పులుపులో పసుపుగా ఉండి, సున్నం వంటి క్షారంలో ఎర్రగా మారుతుంది. పైగా ఎండ తగిలితే వెలిసిపోతుంది. పసుపు మరకైన చీరను ఉతికి ఎండలో ఆరేస్తే మరక తగ్గడం మీరు చూసే ఉంటారు. గడపకు వారం వారం, పండగ పండగకూ మళ్ళీ పూసుకుంటాం కాబట్టి అక్కడ సరిపోయింది. గోడకు అలా కుదరదు.

సున్నానికి తట్టుకునే పసుపు మట్టిలో దొరికేది. రంగుల కొట్లలో యెల్లో ఓకర్ పేరుతో పొడిగా అమ్ముతారు. ఇది ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసిన ఖనిజం. తుప్పుకు దగ్గరి చుట్టం. ఎండకు వెలవదు, సున్నంతో మారదు. ఒక్కటే లోపం, ఎంత వేసినా బంతిపువ్వు కాంతి రాదు. ఆవపిండి ఛాయ దగ్గర ఆగిపోతుంది. పొడి మరీ ఎక్కువ కలిపితే గోడకు ఆనుకున్న చొక్కా వీపుకు పసుపు అంటుతుంది.

బంతిపువ్వు కాంతి ఇచ్చిన రంగు రసాయనశాల నుంచి వచ్చింది. 1797లో ఫ్రెంచి శాస్త్రవేత్త వోక్లాఁ క్రోమియం అనే మూలకాన్ని కనిపెట్టాడు. ఆ తరవాత 19వ శతాబ్దంలో సీసం, క్రోమియం కలిసిన క్రోమ్ యెల్లో బజారులోకి వచ్చింది. కాంతిమంతం, చవక, ఒకటి రెండు పూతల్లోనే కింది రంగును కప్పేస్తుంది. చాలాకాలం పాటు తలుపులకు, కిటికీ ఊచలకు, గేట్లకు వేసే నూనె రంగుల్లో పసుపు, నారింజ ఛాయలకు ఇదే ప్రాణం. ఇది కూడా క్షారంలో నారింజ వైపు తిరుగుతుంది కాబట్టి సున్నపు గోడ మీద కన్నా చెక్క మీద, ఇనుము మీద ఎక్కువ వాడారు.

ఇందులోని సీసం చిన్న పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అది ఒంట్లోకి పోవడానికి పిల్లవాడు రంగు నాకనక్కర్లేదు. పాత పూత పెచ్చులుగా రాలి, పొడై, నేల మీద పడి, పాకే పిల్లల అరచేతుల నుంచి నోట్లోకి పోతుంది. భారత ప్రభుత్వం 2016లో నియమాలు తెచ్చి, ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం.కు మించరాదని నిర్ణయించింది. ఈ పరిమితి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములకు మించకూడదు. కొనేటప్పుడు డబ్బా మీద సీసం గురించి రాసిన వాక్యం ఉందో లేదో చూడండి. పేరు, తేదీ లేని విడి డబ్బాలు చవక అని తీసుకోకండి.

కొత్త డబ్బా కన్నా పాత పూత గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. ఇప్పుడు చాలా ఇళ్ళలో గడపకు పసుపు పూసే బదులు పసుపు ఎనామిల్ వేసి, దాని మీద ఎర్రటి, తెల్లటి ముగ్గు గీస్తున్నారు. ఆ గడప 2017కు ముందు రంగు వేసినదై, ఇప్పుడు పెచ్చులూడుతూ ఉంటే, పాకే పిల్లవాడు రోజుకు పదిసార్లు దాటేది దాన్నే. దాన్ని పొడి గరుకు కాగితంతో రుద్దించకండి. నీళ్ళతో తడిపి రుద్దాలి. కింద పాత దుప్పటి కాదు, ప్లాస్టిక్ పట్టా పరచాలి. రాలిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తి, పట్టాతో సహా చుట్టి పారేయాలి. ఆ పూట పిల్లలను, గర్భిణులను పక్కింటికి పంపండి. రంగులు వేసే మేస్త్రీ కూడా మనిషే. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు, దుమ్మును ఆపే మాస్కు మీరు కొనివ్వండి.

9.4 వెలుతురు చూసి నిర్ణయించాలి

పామర్రు సుమారు 16.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం మధ్యాహ్నపు సూర్యుడు మనకు దక్షిణంగా ఉంటాడు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం కాస్త ఉత్తరానికి జరుగుతాడు. కాబట్టి ఉత్తరపు కిటికీ గదికి ఏడాదిలో చాలా నెలలు నేరుగా ఎండ పడదు. ఆకాశం నుంచి వచ్చే నీలి ఛాయ వెలుతురే దానికి దిక్కు. ఆ వెలుతురులో నిమ్మపండు పసుపు ఆకుపచ్చగా తేలిపోతుంది. అటువంటి గదికి బంతిపువ్వు వైపు ఒరిగిన పసుపు మేలు. పడమటి గదిలో పరిస్థితి దీనికి విరుద్ధం. మేలో సాయంత్రం నాలుగింటికి ఎర్రటి ఎండ లోపలికి వచ్చి బంతిపువ్వు రంగు గోడ మీద పడితే గది మండుతున్నట్టు అనిపిస్తుంది. లోపలి గోడ రంగు థర్మామీటరులో అంకె మార్చదు. కాని ఉక్కపోతలో ఉన్న మనిషికి 'అనిపించడం' కూడా ఒక బాధే.

రాత్రి దీపాల సంగతి వేరు. ఎల్.ఇ.డి. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 అంటే వెచ్చని వెలుతురు, 6500 అంటే తెల్లని, కాస్త నీలి వెలుతురు. మన ఇళ్ళలో ఎక్కువగా వాడేది రెండోదే. పగలు మామిడిపండులా ఉన్న గోడ రాత్రి దాని కింద పులిసిన మజ్జిగలా కనిపిస్తే తప్పు రంగుది కాదు, బల్బుది. రంగు మార్చే ముందు బల్బు మార్చి చూడండి.

మరొక సంగతి. కార్డు మీద రెండు వేళ్ళంత ముక్కలో చూసిన రంగు గోడంతా వేశాక ఇంకా గాఢంగా కనిపిస్తుంది. ఎదురెదురు గోడలు రెండూ పసుపైతే ఒకదాని నుంచి వచ్చిన పసుపు కాంతి రెండోదాని మీద పడి, అక్కడి నుంచి మళ్ళీ మొదటిదాని మీదికి వస్తుంది. ప్రతి తిరుగుడుకూ గాఢత పెరుగుతుంది. చిన్న గదిలో ఇది మరీ ఎక్కువ. అందుకే నాలుగు గోడలూ వేసేటట్టయితే మీకు నచ్చినదానికన్నా ఒకటి రెండు మెట్లు తక్కువ గాఢత ఉన్న ఛాయ తీసుకోండి. ఒకే గోడకైతే నచ్చినదే తీసుకోవచ్చు.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనె జివెర్నీ గ్రామంలోని తన ఇంట్లో భోజనాల గదికి గోడలతో పాటు బీరువాలకు కూడా రెండు పసుపు ఛాయలు వేయించాడు. పక్కన వంటగదిని నీలి పలకలతో నింపాడు. తలుపు తెరిస్తే పసుపు నుంచి నీలం కనిపిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి పైకెత్తుతాయి. ఫొటో చూసి చాలామంది ముచ్చటపడతారు. అయితే ఆ ఇల్లు ఉన్నది చలి దేశంలో, వాలు ఎండలో. మన ఏప్రిల్ ఎండకు అదంతా ఎత్తి తెచ్చుకోనక్కర్లేదు. నీలం పొరుగున పసుపు పెట్టడమనే ఆలోచన మాత్రం తెచ్చుకోవచ్చు. పామర్రుకు దగ్గర్లోని పెడనలో అచ్చువేసే కలంకారీ దుప్పట్లలో నీలిమందు రంగు ఎక్కువగా ఉన్నది ఒకటి తెచ్చి పసుపు గోడ ముందు మంచం మీద పరిస్తే చాలు.

9.5 ఏ గదికి? ఏ గదికి వద్దు?

పెరటి దాకా పొడుగ్గా సాగి, మధ్య గదులకు కిటికీ లేని ఇళ్ళు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. ముదురు పసుపుకు వాటి నడవ చివరి గోడ మంచి చోటు. అది వచ్చిన కాస్త వెలుతురునూ తిప్పి పంపుతుంది. పైగా వెచ్చని రంగు దగ్గరగా జరిగినట్టు కనిపించి, నడవ పొడుగు తగ్గినట్టుంటుంది. వంటగదికి కూడా బాగుంటుంది. తాలింపు మరకలు తెల్లగోడ మీద కనిపించినంతగా కనిపించవు. కింద కడప నల్లబండలు పరచి ఉంటే పసుపు, నలుపు కలిసి ఘాటుగా ఉంటాయి, మధ్యలో తెల్లటి పలకలు ఒక వరస ఉండాలి. ఎర్ర గచ్చు ఉన్న పాత ఇంటికైతే ముదురు పసుపు నా సలహా కాదు. ఆవపిండి ఛాయ చాలు.

వయసు మళ్ళినవారి కంటి కటకం పసుపుబారుతుంది. వారికి తెలుపు, లేత పసుపు ఒకేలా కనిపిస్తాయి. అటువంటి ఇంట్లో తెల్ల గోడకు లేత పసుపు అంచు వేసి తేడా చూపించామనుకోవడం పొరపాటు. ముదురు చెక్క మీద గాఢమైన పసుపు అయితే కనిపిస్తుంది. గడపకు పసుపు పూయడానికి మన పెద్దలు చెప్పే కారణాలు వేరు. కాని తట్టుకుని పడిపోయే చోట అంత కొట్టొచ్చినట్టు కనిపించే రంగు ఉండడం మంచిదే అయింది.

ఒక గదికి మాత్రం ముదురు పసుపు వద్దు. అది పురిటికి వచ్చిన కూతురికీ, మనవడికీ మీరు సిద్ధం చేసే గది. సీమంతం అయ్యాక ఉత్సాహంగా ఆ గదికి కొత్త రంగు వేయించడం చాలా ఇళ్ళలో ఉన్నదే. నెలలు నిండి పుట్టిన శిశువుల్లో కూడా సగానికి పైగా మందికి మొదటి వారంలో ఎంతో కొంత పచ్చకామెర్లు కనిపిస్తాయి. ఎక్కువమందిలో వాటంతట అవే తగ్గుతాయి. కొద్దిమందిలో రక్తంలో బిలిరుబిన్ పెరిగి, సకాలంలో చికిత్స అందకపోతే మెదడుకు హాని చేస్తుంది. ఇంట్లో ఆ సంగతి మొదట కనిపెట్టేది అమ్మమ్మ కన్నే. పసుపు గోడల మధ్య ఆ కన్ను మోసపోతుంది. గోడల నుంచి వచ్చే కాంతిలో ఏ బిడ్డ అయినా పచ్చగానే కనిపిస్తాడు. రెండు రోజులు ఊరికే కంగారు పడి, మూడో రోజు నిజంగా పచ్చబడినప్పుడు "గోడ రంగులే" అని ఊరుకుంటారు. నవజాత శిశువుల వార్డుల నిర్మాణ ప్రమాణాల్లో, శిశువు దగ్గరి గోడలు ఒంటి రంగును మార్చి చూపని తటస్థమైన రంగుల్లో ఉండాలని చెప్పడానికి కారణం ఇదే. ఆ గది తెలుపో, లేత బూడిదరంగో ఉండనివ్వండి. అది కూడా కాన్పుకు చాలా వారాల ముందే పూర్తిచేసి, వాసన పోయేదాకా కిటికీలు తెరిచి ఉంచండి. ఇప్పటికే పసుపు గోడల గదిలో ఉంటే బిడ్డను పగటిపూట తెల్లని గుడ్డ మీద, కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలని చోట పడుకోబెట్టి చూడండి. అనుమానం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కామెర్లు ఎంత ఉన్నాయో తేల్చేది కన్ను కాదు, పరీక్ష.

ఇంటి బయటి గోడ సంగతి కూడా ఒక మాట. రంగుకు సమాజం ఇచ్చే అర్థాలుంటాయని 4వ పాఠంలో చదివారు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి.రామారావు సొంత ఊరు నిమ్మకూరు ఈ పామర్రు మండలంలోనిదే. ఆ పార్టీ రంగు పసుపు. వీధివైపు గోడకు ముదురు పసుపు వేస్తే మీకు ఆ ఉద్దేశం ఉన్నా లేకున్నా వీధి ఒక అర్థం తీసుకుంటుంది. రంగులకు మన రాష్ట్రంలో ఎంత పట్టింపు ఉందంటే, పంచాయతీ కార్యాలయాలకు అప్పటి అధికార పార్టీ రంగులు వేయడం మీద వ్యాజ్యం నడిచి, వాటిని తొలగించాలని 2020లో హైకోర్టు ఆదేశించింది. సొంత ఇల్లు మీ ఇష్టం. లోపలి గోడకైతే ఈ గొడవ లేదు.

9.6 చెమ్మ, లప్పం, పూతలు

డెల్టాలో గోడకు మొదటి శత్రువు కింది నుంచి వచ్చే చెమ్మ. కాలవలకు నీళ్ళు వదిలిన నెలల్లో భూమిలో నీరు పైకి వస్తుంది. పునాది దాన్ని పీల్చుకుని రెండు మూడు అడుగుల ఎత్తు దాకా తీసుకొస్తుంది. నీరు ఆరిపోయి, అందులోని ఉప్పు గోడ మీద తెల్లగా పూస్తుంది, రంగు బుడగలై లేస్తుంది. లేత రంగు గోడ మీద ఈ తెల్లదనం ఎవరికీ పట్టదు. ముదురు పసుపు మీద బల్లి తోకంత మచ్చ కూడా కనిపిస్తుంది.

అందుకే రంగు కొనకముందు చిన్న పరీక్ష చేయండి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడ అడుగుభాగాన నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి, ఒక రోజు ఉంచి తీయండి. గోడ వైపు తడి కనిపిస్తే చెమ్మ లోపలి నుంచి వస్తోందన్న మాట. అప్పుడు ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా ఆ పొర కింద నీరు చిక్కుకుని పొంగుతుంది. అటువంటి గోడకు కింది మూడడుగులు సున్నంలో యెల్లో ఓకర్ కలిపి వేసి, పైన ఎమల్షన్ వేయడం ఒక దారి. సున్నపు పూత గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది, పాడైనా మళ్ళీ వేసుకోవడానికి ఖర్చు తక్కువ. రెండు పసుపులూ సరిగ్గా కలవవు కాబట్టి మధ్యలో తెల్లటి పట్టీ గీయండి. కొత్తగా ప్లాస్టరింగు చేసిన గోడైతే నీళ్ళు పట్టడం అయ్యాక కనీసం నెల ఆరనివ్వాలి. కొత్త సిమెంటు కూడా క్షారమే. సంక్రాంతికి ముందు పని పెట్టుకుంటే మంచు విడిచి గోడ పొడిబారాకే మొదలుపెట్టమని మేస్త్రీకి చెప్పండి. పండగ దగ్గరపడిందని పొద్దున్నే మొదలుపెడితే చెమ్మను లోపల పెట్టి మూసినట్టే.

లప్పం, దాని మీద ప్రైమర్, తరవాత పూతలు అనే వరస మీకు తెలిసిందే. పసుపుకు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది కప్పే శక్తి గురించి. సీసం పోయాక వచ్చిన పసుపు రంగుల్లో చాలావాటికి కింది రంగును దాచే బలం తక్కువ. ముదురు ఛాయ కోసం వాడే మూల రంగులో తెల్లటి పొడి కూడా తక్కువే ఉంటుంది. పాత గోడ లేత నీలమైతే రెండు పూతల పసుపు మీద కూడా ఆకుపచ్చ నీడ కనిపిస్తుంది. ముందు తెల్లటి పూత ఒకటి వేసి, ఆపైన పసుపు మూడు పూతలకు సిద్ధపడండి. "రెండు కోట్లు చాలమ్మా" అనే మేస్త్రీ అబద్ధం చెప్పడం లేదు, లేత రంగుల లెక్క చెబుతున్నాడు.

ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. నాలుగు గోడలు 440 చదరపు అడుగులు. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న తలుపులు రెండు 42, నాలుగడుగుల చదరపు కిటికీ 16 తీసేస్తే 382. లీటరు రంగు రెండు పూతలకు 100 చదరపు అడుగులు వస్తుందని డబ్బా మీద ఉందనుకోండి. రెండు పూతలకు 3.8 లీటర్లు, మూడు పూతలకు 5.7 లీటర్లు కావాలి. అదే తలుపులు లేని 10 అడుగుల గోడ ఒక్కదానికే అయితే మూడు పూతలకు లీటరున్నర సరిపోతుంది. మిగతా మూడు గోడలకు తెలుపు. ఖర్చు చూసుకునేవారికి ఈ రెండో లెక్క నచ్చుతుంది. నిజానికి గది కూడా దానితోనే ఎక్కువ బాగుంటుంది. కావలసిన రంగంతా ఒకేసారి కలిపించండి. మధ్యలో అయిపోయి మళ్ళీ కలిపిస్తే అదే నంబరైనా పిసరంత తేడా వస్తుంది, ఆ తేడా గోడ మధ్యలో కనిపిస్తుంది.

9.7 మీరు చేయవలసిన పని

రెండడుగుల చదరపు అట్టముక్కలు మూడు తీసుకుని, మీ ఊరి రంగుల కొట్లో దొరికే చిన్న నమూనా డబ్బాలతో నిమ్మపండు, బంతిపువ్వు, ఆవపిండి ఛాయలు రెండేసి పూతలు వేయండి. మీ ఇంట్లో ఉత్తరపు గోడకు ఒక రోజు, పడమటి గోడకు ఒక రోజు ఆనించి, ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 1 గంటకు, సాయంత్రం 5 గంటలకు, రాత్రి దీపం కింద చూసి, కనిపించిన రంగును మీ మాటల్లో రాయండి. ఒకే అట్టకు వేర్వేరు వేళల్లో మీరు రాసిన పేర్లు వేరైతే ఎందుకో 9.4 ఆధారంగా వివరించండి.

తరవాత ఈ ప్రశ్నలకు జవాబులు పది వాక్యాలకు మించకుండా రాయండి.

1. పసుపు కొమ్ముల పొడిని సున్నంలో కలిపి గోడకు వేయమని ఎవరైనా సలహా ఇస్తే మీరేమంటారు?

2. మీ పొరుగింట్లో 2005లో పసుపు ఎనామిల్ వేసిన కిటికీ ఊచలున్నాయి. పెచ్చులూడుతున్నాయి. ఏడాది బిడ్డ ఉంది. పండగలోపు కొత్త రంగు వేయించాలనుకుంటున్నారు. ఏ పని ముందు, ఏ పని తరవాత చేయాలో వారికి వరసగా రాసివ్వండి.

3. మీ ఇంటి కొలతలతో, పసుపు ఒక గోడకు మాత్రమే వేసినప్పుడు, నాలుగు గోడలకూ వేసినప్పుడు ఎంత రంగు కావాలో లెక్కకట్టండి.